నాలుగూ పదికి వచ్చిన వాసన

నా డైరీల్లో దయ్యం అన్న మాట ఒక్కచోటే ఉంది. సూరత్‌ ఉధ్నాలో మేం పనిచేసే మరమగ్గాల షెడ్డులో, చిందీ మూటలు, అంటే గుడ్డపీలికలు, పడేసే గదిలో ఎవరో ఆడమనిషి ఏడుస్తోందని ఓ మధ్యాహ్నం కార్మికులంతా సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆపి బయటికి వచ్చారు. నేను లోపలికి వెళ్ళి చూశాను. మూటల మధ్య పిల్లి ఈనింది. "దయ్యం కాదు, పిల్లి. పిల్లలు మూడు" అని ఆ రోజు రాసుకున్నాను. మళ్ళీ ఆ మాట రాయాల్సిన అవసరం పడలేదు. ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా దయ్యం కథ అనను. దాన్ని ఏమనాలో తెలియకనే రాస్తున్నాను.

మాది కరీంనగర్ వైపు నేతపని కుటుంబం. ఇరవై ఏళ్ళ వయసులో సూరత్ వచ్చాను. మొదట సాంచాలు నడిపాను. తరవాత రిటైరయ్యేదాకా తాకాలు చూసే పని. తాకా అంటే సాంచా మీంచి దించిన గుడ్డ చుట్ట. కింద లైటు వెలిగే బల్ల మీద గుడ్డను లాగుతూ, పోగు తెగినచోట, నూనె మరక పడ్డచోట సుద్దతో గుర్తు పెట్టి రిజిస్టర్‌లో రాయాలి. ఈ పనిలో ఒకటే నియమం. కనబడింది రాయాలి. ఎందుకు అయిందో రాయకూడదు. ఎందుకు అని అడిగితే కార్మికుడు ఒకటి చెప్తాడు, ఫిట్టర్ ఒకటి చెప్తాడు. మరక మాత్రం మరకే. ఇంట్లో డైరీ కూడా అట్లాగే రాసేవాణ్ణి. ఇది కూడా అట్లాగే రాయడానికి ప్రయత్నిస్తాను.

ధ్యానం సంగతి నాకు నేర్పింది మా ఫిట్టర్ కాంబ్లే. మరాఠీ బౌద్ధుడు. సాంచాల మోతకు నా చెవుల్లో ఎప్పుడూ ఒక ఈల మోగుతూ ఉండేది. డాక్టర్లు ఇక పోదన్నారు. "పోకపోతే పోనీ భావ్, దాంతో కొట్లాడటం మానెయ్" అని చెప్పి, ఒక ఆదివారం వాళ్ళ విహారానికి తీసుకెళ్ళాడు. రేకుల పైకప్పు ఉన్న చిన్న హాలు. అప్పటినుంచి విడవకుండా వెళ్ళాను.

నేను ఏది మొదలుపెట్టినా దానికి ఒక నోటుబుక్కు ఉంటుంది. ధ్యానానికీ పెట్టాను. కన్ను, చెవి, ముక్కు, నాలుక, ఒళ్ళు, మనసు, ఈ ఆరింటినీ శుభ్రం చేసుకోవడం గురించి బౌద్ధంలో ఒక్కో సంప్రదాయం ఒక్కో విధంగా చెప్తుంది. విన్నదీ చదివిందీ వేరువేరు పేజీల్లో రాసుకున్నాను.

థేరవాదంలో, ముఖ్యంగా బర్మా పద్ధతిలో, ఇంద్రియాలు ఇంటి తలుపుల లాంటివి. తలుపు దగ్గర కాపలా ఉండాలి. చప్పుడు వస్తే "వింటున్నా, వింటున్నా" అని మనసులో గుర్తు పెట్టుకోవాలి. వాసన వస్తే "వాసన, వాసన". అంతే. బాగుంది, బాలేదు అని ఏమీ కలపకూడదు. ఇది నాకు వెంటనే నచ్చింది. నా రిజిస్టర్ పనే ఇది.

చైనా, జపాన్ వైపు మహాయానంలో ఇంకో రకం. కన్ను ఏ తప్పులు చేసిందో, చెవి ఏ తప్పులు చేసిందో, ముక్కు ఏం చేసిందో ఒక్కొక్కటిగా బుద్ధుడి ముందు ఒప్పుకుంటారు. అట్లా కడుక్కున్న ముక్కుకు ఎంతో దూరాన ఉన్నవి కూడా తెలుస్తాయని, ఎక్కడో ఉన్న మనిషి ఎట్లా ఉన్నదీ వాసనతోనే తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. ఆ వాక్యం పక్కన నేను ప్రశ్న గుర్తు పెట్టాను. జెన్ వాళ్ళు ఇవేవీ చెప్పరు. సగం కళ్ళు తెరిచి గోడ ముందు కూర్చోమంటారు. వచ్చేది వస్తుంది, పోయేది పోతుంది. టిబెట్ పద్ధతిలో ఇంద్రియాలు అసలు మురికే కాలేదంటారు. మురికి మనం పట్టుకుని వదలకపోవడంలో ఉంది. అందుకని మంచి రుచి, మంచి వాసన తగిలితే దాచుకోకుండా బుద్ధుడికి ఇచ్చెయ్యాలి.

మొదటి లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగిపోయాయి. నవాగామ్‌లో మేముండే గల్లీలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. విహారం మూసేశారు. నేను ఇంట్లోనే చాప వేసుకుని, నెలకొక పద్ధతి చొప్పున మొదలుపెట్టాను. నా భార్య రాజవ్వ చీరల అంచుల్లో మిగిలిన దారాలు కత్తిరించే పని చేసేది. ఆ పని కూడా రావడం లేదు. ఖాళీగా ఉంది కదా అని ఆమెను కూడా కూర్చోమనేవాణ్ణి.

"ఏందయ్యా, ఇద్దరం కండ్లు మూసుకుంటే అన్నం ఎవరు వండుతరు? బుద్ధుడు వండుతడా?" అనేది.

నేను పట్టు విడవలేదు. అన్నం తినేటప్పుడు "రుచి, రుచి" అనుకొమ్మన్నాను. రెండు ముద్దలు తిని, "అనుకున్న. ఉప్పు తక్కువైంది. గిది తెలుసుకోనీకె ధ్యానమెందుకు" అంది. ముక్కు చేసిన తప్పులు ఒప్పుకోవాలని చెప్తే విరగబడి నవ్వింది. "నా ముక్కు ఏం పాపం చేసిందయ్యా? ముప్పై ఐదేండ్లు నీ అంగీకున్న నూనె వాసన చూసింది. దానికే పుణ్యం రావాలె."

టిబెట్ పద్ధతి ఒక్కటి మాత్రం ఆమెకు నచ్చింది. పప్పులో పోపు వేసినప్పుడల్లా మూత ఎత్తి, "ఇగో బుద్ధుడా, పట్టుకపో" అనేది. అది వెక్కిరింపో, నిజమో నాకు తెలియదు. అట్లా చాలాసార్లు అంది.

రెండో విడత కరోనా వచ్చిన ఏప్రిల్‌లో ముందు నాకు జ్వరం వచ్చింది. మూడు రోజులు ఆమే చూసుకుంది. నాలుగో రోజు పప్పు మాడింది. ఇల్లంతా పొగ. ఆమె పక్కనే నిలబడి ఉంది, తెలియలేదు. నాకూ తెలియలేదు. పక్కింటివాళ్ళు తలుపు కొడితే చూశాం. ఇద్దరికీ వాసన పోయిందని అట్లా తెలిసింది. ఇద్దరికీ పాజిటివ్ వచ్చింది.

ఆ రోజు నుంచి డైరీలో ఒక పట్టిక గీశాను. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. కర్పూరం, వెల్లుల్లి, ఇంగువ. ఒక్కొక్కటి ముక్కు దగ్గర పెట్టుకుని, తెలిస్తే "ఉంది", తెలియకపోతే "లేదు". ఆ పేజీలు ఇప్పుడూ నా దగ్గర ఉన్నాయి. మొదటి పేజీలన్నీ "లేదు".

రాజవ్వకు ఊపిరి అందడం తగ్గింది. మా అమ్మాయి స్వప్న ఈ ఊళ్ళోనే దిండోలీలో ఉంటుంది. అల్లుడు తిరిగి తిరిగి ఒక ఆసుపత్రిలో మంచం దొరికించుకుని, ఆటోలో తీసుకెళ్ళాడు. నేను గుమ్మం దాటకూడదు. ఆటో ఎక్కుతూ రాజవ్వ వెనక్కి తిరిగి, "పొయ్యి మీద పాలున్నయ్, సూస్కో" అంది. అంత జ్వరంలో.

రెండు రోజులు ఫోన్లో మాట్లాడింది. ఎక్కువగా నేనే అడిగేవాణ్ణి. ఆక్సిజన్ ఎంత, మందులు వేశారా, ఏం తిన్నావు. చెప్పింది రాసుకునేవాణ్ణి.

మూడో రోజు పొద్దున పదకొండుకు తనే చేసింది. ఎగశ్వాస వినబడుతోంది.

"ఏందయ్యా... జర ఇను. నీకో మాట జెప్పాలె."

"మాట్లాడకు. మాట్లాడితే ఆయాసం పెరుగుతది. కండ్లు మూసుకో. ఏది తెలిస్తే దాని పేరు మనసుల అనుకో, నేను నేర్పిన గదా."

"అది కాదయ్యా, నేను జెప్పేది..."

"సాయంత్రం మాట్లాడుదాం రాజీ. ఇప్పుడు ఊపిరి మీద ధ్యాస పెట్టు."

అని ఫోను పెట్టేశాను.

మంచికే అనుకున్నాను. డైరీలో "11.05. ఆయాసం. మాట్లాడొద్దని చెప్పాను. ధ్యానం చేయమన్నాను" అని రాసుకున్నాను. ఒక పని సరిగ్గా చేసినట్టు రాసుకున్నాను. ఆ వాక్యం చదివినప్పుడల్లా నా చేతిరాతే నాకు పరాయిదిగా కనబడుతుంది.

ఇక ఆ రోజు మధ్యాహ్నం సంగతి.

మధ్యాహ్నం వాసన పరీక్ష అయింది. మూడూ "లేదు". మూడున్నరకు చాప మీద కూర్చున్నాను. ఆమెకు చెప్పిన పద్ధతిలోనే నేనూ చేస్తే ఇద్దరం కలిసి చేసినట్టు ఉంటుందనిపించింది. తలుపు, కిటికీలు మూసి ఉన్నాయి. ఇంట్లో నేను ఒక్కణ్ణే. చెవుల్లో ఈల తప్ప చప్పుడు లేదు.

ఉన్నట్టుండి మోసంబీ వాసన వచ్చింది. అప్పుడే తొక్క ఒలిచినట్టు, చిరుచేదుగా. వారం రోజులుగా ఖాళీగా ఉన్న ముక్కులోకి అది ఎంత గట్టిగా వచ్చిందంటే, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాని వెనకే ఫినాయిల్. ఆ తరవాత ఇంకొకటి, ఘాటుగా, కాల్చిన పొగాకులా. అదేమిటో తెలియడానికి కొంచెం సేపు పట్టింది. బజర్.

బజర్ అంటే ఇక్కడ గుజరాతీ ఆడవాళ్ళు, ముఖ్యంగా కాయకష్టం చేసుకునేవాళ్ళు, పళ్ళ చిగుళ్ళకు రుద్దుకునే పొగాకు పొడి. చిన్న డబ్బీల్లో పెట్టుకుంటారు. మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు. మా గల్లీలో అంతా తెలుగువాళ్ళే. చిందీలు ఏరడానికి వచ్చే ఆడవాళ్ళ దగ్గర ఎప్పుడో చూసిన వాసన అది.

కళ్ళు తెరిచి గడియారం చూశాను. నాలుగూ పది. లేచి వెల్లుల్లి చిదిమి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. లేదు. కర్పూరం. లేదు. బజర్ వాసన మాత్రం ఇంకా ఉంది. మరో రెండు మూడు నిమిషాలుండి పోయింది. వచ్చినప్పుడు కలిగిన సంతోషం కూడా దాంతోనే పోయింది.

డైరీలో రాశాను: "4.10. మోసంబీ తొక్క, ఫినాయిల్, బజర్ (?). వెల్లుల్లి లేదు. కర్పూరం లేదు. 4.16కు పోయింది." సిరా పెన్నుతో ఉంది, కొట్టివేత లేదు.

స్వప్నకు ఫోన్ చేశాను.

"అమ్మకు మోసంబీలు పంపించినవా బిడ్డా?"

"లేదు బాపూ. బయటి తిండి లోపలికి పోనిస్తలేరు గదా. ఎందుకు?"

"అక్కడ ఎవరన్నా బజర్ పెట్టుకుంటరా?"

"బాపూ, జ్వరం సూసుకున్నవా?" అంది.

సాయంత్రం ఏడుకు రాజవ్వకు చేశాను. ఫోన్ ఆగిపోయి ఉంది. చార్జింగ్ అయిపోయి ఉంటుందనుకున్నాను. మళ్ళీ చేశాను, మళ్ళీ చేశాను. తెల్లారి ఎనిమిదింటికి ఆసుపత్రి వాళ్ళు స్వప్నకు ఫోన్ చేశారు. స్వప్న నాకు చేసి ఏమీ చెప్పలేదు. బాపూ, బాపూ అంటూనే ఉంది.

నేను వెళ్ళలేకపోయాను. అల్లుడు దూరాన నిలబడి ఫోన్లో చూపించాడు. తాపీ నది ఒడ్డున వరసగా మంటలు. "ఆ చివరిది మామా" అన్నాడు. చివరిది ఏదో నాకు తెలియలేదు. తెలిసిందని చెప్పాను. అతను అప్పటికే చాలాసేపటినుంచి నిలబడి ఉన్నాడు.

నా ముక్కుకు వాసన మళ్ళీ రావడానికి ఇంకా నెల పట్టింది. మొదట ఇంగువ, తరవాత కర్పూరం. ఆ పట్టికలో మూడూ "ఉంది" అయ్యాక ఒకరోజు స్వప్నను వెంటబెట్టుకుని, రాజవ్వ సంచి తెచ్చుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళాను. కళ్ళజోడు, దువ్వెన, ఫోను, ఒక చీర. సంతకం పెట్టి తీసుకున్నాను. స్వప్న ఇంకేదో కాగితం కోసం లోపలికి వెళ్ళింది. నేను వరండాలో బల్ల మీద కూర్చున్నాను.

అక్కడ మెట్ల మీద ఒక ఆయా కూర్చుని, మాస్కు గడ్డం కిందికి లాగి, చిగుళ్ళకు ఏదో రుద్దుకుంటోంది. బజర్ వాసన నాకు తగిలింది. లేచి దగ్గరికి వెళ్ళాను.

ఆమె పేరు కాంతాబెన్. యాభై ఏళ్ళు ఉండొచ్చు. మేం మాట్లాడుకున్నది హిందీలోనే. నాకు వచ్చిన వాసనల సంగతి ఆమెకు చెప్పలేదు. ముందే చెప్తే, పాపం ముసలాయన అని అవునవును అనేస్తారు. ఏ వార్డు, ఏ మంచం అన్నది మాత్రం చెప్పి, గుర్తుందా అని అడిగాను.

"గడ్డం మీద పచ్చబొట్టు చుక్క ఉన్న తెలుగు మాసీనా?" అంది. "ఎందుకు గుర్తులేదు కాకా! నన్ను ఒకటే ఆటపట్టించేది. ఇంత పెద్ద తెల్ల కోటేసుకుని వచ్చావు, పెళ్ళికొడుకేడీ అనేది."

ఆఖరి రోజు ఏమన్నా తిన్నదా అని అడిగాను.

"నాలుగింటి చాయ్ తరవాత మోసంబీ ఇచ్చారు. నేనే ఒలిచి పెట్టాను. నోటికి రుచి లేదు, ముక్కుకు వాసన లేదు, ఎందుకు ఒలుస్తావు అంది." కాంతాబెన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఎవరికీ చెప్పకు కాకా, డ్యూటీలో ఇది ఉంటే తిడతారు. నవ్వుదామని నా డబ్బీ తీసి మాసీ ముక్కు దగ్గర పెట్టాను. దీని వాసన రానివాళ్ళు ఉండరు మాసీ, చూడు అన్నాను. ఒక్కసారి అదిరిపడింది. వచ్చింది, వచ్చింది అని నా చెయ్యి పట్టుకుంది. మోసంబీ తొక్క కూడా తీసుకుని వాసన చూసింది."

"ఆ తరవాత?" అన్నాను.

"తరవాత కళ్ళు మూసుకుని కూర్చుని, వాసన, వాసన, వాసన అంటూ ఉంది. మీ మంత్రమా అది?"

మంత్రం కాదని చెప్పాను. ఆ మాటకు అర్థం చెప్పాను. "అదేనా!" అని నవ్వి, నా ముఖం చూసి ఆపేసింది.

ఏడాది పాటు నేను నేర్పితే నవ్విన మనిషి, ఒక్కసారి కూడా సరిగ్గా కూర్చోని మనిషి. పొద్దున నేను కసురుకున్నట్టుగా ఏది చెప్పి ఫోన్ పెట్టేశానో, అదే ఆమె చేసింది.

అడగడానికి భయపడుతూనే అడిగాను. నా గురించి ఏమన్నా అన్నదా అని.

కాంతాబెన్ ఆలోచించింది. "అంది కాకా. నీ గురించో, ఎవరి గురించో గానీ, కళ్ళు తెరిచాక చాలాసేపు చెప్పింది. నా చెయ్యి పట్టుకునే చెప్పింది. కానీ తెలుగులో చెప్పింది."

"ఆమెకు హిందీ వచ్చు."

"వచ్చు. నాతో ఎప్పుడూ హిందీలోనే మాట్లాడేది. అది మాత్రం తెలుగులోనే చెప్పింది. నేను తలూపుతూ కూర్చున్నాను. ఏం చెయ్యను? చెప్పడం అయ్యాక, సరేనా అన్నట్టు నా ముఖంలోకి చూసింది. సరే మాసీ అన్నాను."

ఒక్క మాటన్నా గుర్తుందా, ఏ మాటైనా సరే, అన్నాను. ఆమె నిజంగా ప్రయత్నించింది. కళ్ళు మూసుకుని పెదవులు కదిపింది. చివరికి తల అడ్డంగా ఊపింది. "అన్ని మంచాలు కాకా. ఎన్ని గుర్తుంటాయి? ఏడవలేదు, అది మాత్రం నిజం."

డాక్టరుకు చెప్పాను. ఈ జబ్బులో లేని వాసనలు వస్తాయి, చాలామందికి వచ్చాయి అన్నాడు. రావచ్చు. కానీ లేని వాసనలు వచ్చేటప్పుడు మోసంబీ, బజర్ అదే జతగా, అదే గంటకు ఎందుకు వస్తాయని అడిగితే, అదీ కాకతాళీయమే అన్నాడు. నాలుగింటి చాయ్ తరవాత అంటే నాలుగూ పదే కావాలని లేదు, అదీ నిజమే. కాంబ్లేకు చెప్పాను. "భావ్, వాసన ఎట్లా వచ్చిందని తవ్వకు. నొప్పి ఉంది కదా, దాన్ని చూడు. ఏ సంప్రదాయమైనా చివరికి చెప్పేది అదే" అన్నాడు. అతను చెప్పింది సరైనదే. నేను చెయ్యలేకపోతున్నాను.

కడుక్కున్న ముక్కుకు దూరాన ఉన్నవి తెలుస్తాయన్న మాట నిజమా అంటే, నా ముక్కు అంత శుభ్రమైంది కాదని నాకు తెలుసు. ఆ పొద్దున నా చెవి ఏం చేసిందో కూడా తెలుసు. ఆ ఒక్క తప్పూ రోజూ ఒప్పుకుంటున్నాను.

డబ్బీ తీసిన నిమిషాల్లోనే ఆమె, పొద్దున నేను చెప్పనివ్వని ఆ మాట కూడా చెప్పింది. మూసిన తలుపులు దాటి, సగం ఊరు దాటి ఒక చిటికెడు బజర్ వాసన నా దాకా వచ్చింది. ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. రావడానికి ఏదో దారి ఉన్నప్పుడు, ఆ దారినే ఆ మాట ఎందుకు రాలేదో అది అసలే తెలియదు.